జర్మనీకి మ్యూజిక్ ప్లేయర్: చెన్నైలో చేసుకోవాల్సిన పని, అక్కడ కొనాల్సిన వస్తువు

తర్వాత చదివేవాళ్ల కోసం ప్రశ్న క్లుప్తంగా: చెన్నైలో ఉంటున్న తెలుగువారు ఉద్యోగం మీద రెండేళ్లకి మ్యూనిక్ వెళ్తున్నారు. ఇంట్లో మూడొందల దాకా సీడీలున్నాయి. ఎక్కువ కచేరీలే, తక్కినవి పాత తెలుగు సినిమా పాటలు. నాన్నగారి క్యాసెట్లు మరో అరవై. వీటన్నిటినీ వెంట తీసుకెళ్లి ఇయర్‌ఫోన్లతో వినడానికి ప్లేయర్ కావాలి. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనుక్కెళ్లాలా, అక్కడ కొనాలా, అసలు ఫోన్ చాలదా అని సందేహం.

ప్లేయర్ మ్యూనిక్‌లో దిగాక కొనండి. పాటలు మాత్రం చెన్నైలోనే పూర్తిగా సిద్ధం చేసి, రెండు మెమరీ కార్డుల్లో తీసుకెళ్లండి. చాలామంది దీన్ని తిరగేస్తారు. ప్రయాణానికి వారం ముందు హడావుడిగా ప్లేయర్ కొంటారు, సీడీల సంగతి తర్వాత చూద్దామని అటకెక్కిస్తారు. ప్లేయర్ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, మీ నాన్నగారి క్యాసెట్లు దొరకవు.

ముందు ఫోన్ సంగతి తేల్చేద్దాం. వినేదంతా స్ట్రీమింగే అయితే వేరే ప్లేయర్ దండగ. కాకపోతే పాటల హక్కులు దేశానికో తీరుగా ఉంటాయి కనుక, ఇక్కడ మోగిన పాత తెలుగు పాట అక్కడ జాబితాలో బూడిదరంగులో కనబడి ఊరుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసుకున్నా అది మీ ఫైల్ కాదు. స్పాటిఫైలో అవి నిలవాలంటే కనీసం 30 రోజులకోసారి నెట్‌కి కలపాలి. ఉచిత ఖాతా వేరే దేశంలో 14 రోజులే నడుస్తుంది, ఆ తర్వాత దేశం మార్చుకోవాలి. ప్రీమియం ఖాతాకి దేశం మార్చాలంటే ఆ దేశంలో చెల్లే కార్డు ఉండాలి. మీరు అడిగింది సొంత సీడీల గురించి కాబట్టి స్ట్రీమింగ్‌ని ఇక్కడితో వదిలేద్దాం.

సొంత ఫైళ్లకైనా, ఫోన్‌లో కార్డు స్లాట్ ఉంటే ఫోనూ, ఒక చిన్న డాక్ (DAC, డిజిటల్ ఫైల్‌ని ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చే ధ్వనిగా మార్చేది) డాంగిలూ చాలు. ధ్వని విషయంలో ఇది చవకబారు ప్లేయర్లకి ఏమీ తీసిపోదు. డాంగిల్ కొనేటప్పుడు ఒక మెలిక గుర్తుంచుకోండి. యాపిల్ టైప్-సి నుంచి 3.5 మిల్లీమీటర్ల డాంగిల్ అమెరికాలో అమ్మేది 1 వోల్టు ఇస్తుంది, యూరప్‌లో అమ్మేది 0.5 వోల్టే ఇస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే, మోడల్ నంబరు చూస్తే తప్ప తెలీదు: అమెరికాది ఏ2049, యూరప్‌ది ఏ2155. పైగా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి తగిలిస్తే దాని లోపలి వాల్యూమ్ తక్కువలోనే నిలిచిపోతుంది. వాల్యూమ్ బటన్ చివరిదాకా నొక్కినా నీరసంగానే మోగుతుంది. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి, డాక్‌తో నేరుగా మాట్లాడే యాప్ వాడితే గానీ అది పైకి రాదు. కాబట్టి ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే వేరే కంపెనీ డాంగిల్ చూసుకోండి.

మీకు మాత్రం నేను విడి ప్లేయరే చెబుతాను, ధ్వని కోసం కాదు. డిసెంబరులో మ్యూనిక్‌లో గ్లవ్స్ వేసుకుని టచ్ స్క్రీన్ మీద పాట మార్చడం కుదరదు. కోటు జేబులో చెయ్యి పెట్టి తడుముకుని నొక్కే బటన్లు కావాలి. చలిలో లిథియం బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది కూడా. పాటల వల్ల ఫోన్ ఆరిపోతే టికెట్టూ మ్యాపూ దాంతోపాటే పోతాయి. సున్నా డిగ్రీల కింద ఏ లిథియం బ్యాటరీనీ ఛార్జ్ చేయకూడదు. బయట నుంచి రాగానే తగిలించకుండా గది వేడికి రానిచ్చి పెట్టండి.

ఇక అక్కడే ఎందుకు కొనమంటున్నానంటే, మొదటి కారణం గ్యారంటీ. యూరోపియన్ యూనియన్‌లో వినియోగదారుడికి అమ్మిన కొత్త వస్తువుకి చట్టం ప్రకారం కనీసం రెండేళ్ల బాధ్యత అమ్మినవాడిదే. కంపెనీ వారంటీ దీనికి అదనం. ఇక్కడ మామూలుగా దొరికేది ఒక ఏడాది, అదీ చాలాసార్లు ఇండియా వరకే. రెండేళ్లు అక్కడ ఉండబోయే మనిషికి ఈ లెక్క చాలు. పాడైన ప్లేయర్‌ని మరమ్మతుకని చెన్నైకి పంపడం మరో తలనొప్పి. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువంటే పోస్టులో, కొరియర్‌లో సవాలక్ష షరతులు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది. యూరప్‌లో అమ్మే ప్లేయర్లకి వాల్యూమ్ కట్టడి ఉంటుంది. గరిష్ఠం 100 డెసిబెళ్లు దాటకూడదు, 85 దాటితే హెచ్చరిక రావాలి. ఇయర్‌ఫోన్ లేకుండా అమ్మే ప్లేయర్‌కి ఈ నిబంధన అవుట్‌పుట్ వోల్టేజ్ రూపంలో ఉంటుంది: 150 మిల్లీవోల్టులు. సోనీ వాక్‌మన్ల యూరప్ మోడళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఒక వోల్టుతో పోలిస్తే 150 మిల్లీవోల్టులంటే పదహారున్నర డెసిబెళ్లు తక్కువ. చెవిలో దూరే ఇయర్‌ఫోన్లు ఒక వోల్టుకి 120 డెసిబెళ్ల దగ్గర ఇస్తాయి కాబట్టి కట్టడి తర్వాత కూడా 103 వస్తుంది, అది ఎవరికైనా ఎక్కువే. ఒక వోల్టుకి 100 డెసిబెళ్లే ఇచ్చే 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్లయితే 83కి ఆగిపోతాయి. తంబురా మాత్రమే వినిపించే ఆలాపన మొదట్లో మీరు వాల్యూమ్ బటన్ కోసం వెతుక్కుంటారు. అందుకని ఇంట్లో పెద్ద హెడ్‌ఫోన్లు ఉన్నవాళ్లకి నా సలహా తిరగబడుతుంది. వాళ్లు ప్లేయర్ ఇక్కడ కొనుక్కెళ్లొచ్చు, లేదా అక్కడ కొని దాని టైప్-సి పోర్టుకి డాక్ తగిలించుకోవచ్చు. మీరు ఇయర్‌ఫోన్లే అన్నారు కాబట్టి మీకీ బాధ లేదు.

వినికిడి మాట వచ్చింది గనక ఇదీ చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్లు. రైలు రొదని మించాలని వాల్యూమ్ పెంచడం కంటే చెవికి బిగుతుగా కూర్చునే సిలికాన్ టిప్స్ సైజు సరిచూసుకోవడం మేలు. డబ్బాలో మూడు సైజులిస్తారు. మధ్య సైజు పెట్టేసుకుని బేస్ లేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

మోడళ్లకొస్తే, ఐపాడ్ శకం ముగిసింది. చివరిదైన ఐపాడ్ టచ్‌ని యాపిల్ 2022 మేలో ఆపేసింది. పాత ఐపాడ్ క్లాసిక్ కొని బ్యాటరీ మార్చి, హార్డ్ డిస్క్ తీసేసి ఫ్లాష్ కార్డు పెట్టించుకోవడం సరదా ఉన్నవాళ్ల వ్యవహారం, కొత్త ఊరికి వెళ్తున్నవాళ్లకి కాదు. ఇప్పుడు మీ ముందున్నవి రెండు జాతులు. ఆండ్రాయిడ్‌తో నడిచేవి ఒక జాతి: సోనీ ఎన్‌డబ్ల్యూ-ఏ306, ఫియో జేఎం21 వంటివి. సొంత చిన్న సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి రెండో జాతి: ఫియోవాళ్ల స్నోస్కై ఎకో మినీ, హైబీ ఆర్1, షాన్‌లింగ్ ఎం0 ప్రో వంటివి. రెండో జాతి చవక, తేలిక, బటన్ నొక్కగానే లేస్తుంది. మనవాళ్లకి అక్కడొక చిక్కుంది: తెలుగు అక్షరాలు. ఇలాంటి చిన్న సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఫాంట్ లేకపోతే పాట పేరు చోట వరుసగా డబ్బాలు కనిపిస్తాయి. ఫాంట్ ఉన్నా అక్షరాలు కూర్చే తెలివి లేకపోతే గుణింతాలు, ఒత్తులు విడివిడిగా పడి 'త్యాగరాజ' కాస్తా 'త', 'య', మధ్యలో ఒక పొల్లుగా మిగులుతుంది. ఆండ్రాయిడ్ ప్లేయర్లలో ఈ బెడద లేదు.

తెలుగు పేర్లు చదువుకోవాలనుంటే ఆండ్రాయిడ్, ఇంగ్లీషు లిపిలో రాసుకుంటే సరిపోతుందనుకుంటే చిన్న ప్లేయర్. నేనైతే జేఎం21 వైపు మొగ్గుతాను. 3.5, 4.4 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ జాక్‌లు రెండూ ఉన్నాయి. ఏ306లో 3.5 ఒక్కటే ఉంది కానీ, పక్కన వరసగా ఉన్న బటన్లు చేతికి బాగా అలవాటవుతాయి, సోనీ లెక్కలో బ్యాటరీ 36 గంటలు. వైఫై ఆన్‌లో ఉంచితే ఆ అంకెని మరిచిపోండి. డబ్బా మీద 32-బిట్, 768 కిలోహెర్ట్జ్ అని రాసుంటే దాన్ని చూసి కొనొద్దు. మీ సీడీలన్నీ 16-బిట్, 44.1 కిలోహెర్ట్జ్. అదెక్కడైనా మోగుతుంది.

చెన్నైలో విదేశీ సరుకు దొరికే బర్మా బజార్‌లో జపాన్ సరుకని వాక్‌మన్ చూపిస్తే ముందు సెట్టింగ్స్‌లో భాష మార్చి చూపించమనండి. జపాన్ మార్కెట్ కోసం చేసిన కొన్ని మోడళ్లలో జపనీస్ తప్ప ఇంకో భాష ఉండదు.

షాపుకి వెళ్లేటప్పుడు, అది రిచీ స్ట్రీట్ అయినా మ్యూనిక్ అయినా, పరీక్ష కోసం ఒక చిన్న కార్డు జేబులో పెట్టుకెళ్లండి. అందులో ఏం ఉండాలంటే: తెలుగులో పేరూ ట్యాగులూ (ఫైల్ లోపల రాసుండే పాట వివరాలు) ఉన్న పాట ఒకటి. ఒకే కచేరీ నుంచి రెండు వరస ట్రాకులు, ఆగకుండా సాగే చోట కోసినవి. 1 నుంచి 12 దాకా అంకెలతో మొదలయ్యే పన్నెండు ఫైళ్ల ఫోల్డర్. గంటకి పైగా నడిచే ఒకే ఫైల్. ఐదు నిమిషాల్లో ప్లేయర్ గుణం బయటపడుతుంది. వరస ట్రాకుల మధ్య చిన్న నిశ్శబ్దమో 'టిక్'మనే చప్పుడో వస్తే అది గ్యాప్‌లెస్ కాదు. రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా కోసిన సీడీ దాంట్లో వింటే ప్రతి మలుపులోనూ తాళం తప్పినట్టుంటుంది. ఫోల్డర్‌లో 1, 10, 11, 12, 2 అని వస్తే పేర్లకి 01, 02 అని పెట్టుకోవాలి. అలా పెట్టినా వరస కలవకపోతే ఆ ప్లేయర్ పేరుతో కాక కార్డు మీదకి కాపీ అయిన క్రమంలో చదువుతోందన్నమాట. ఫ్యాట్‌సార్ట్ అనే ఉచిత ప్రోగ్రాంతో సరిచేయొచ్చు కానీ, పాటలు చేర్చిన ప్రతిసారీ చేయాలి. పెద్ద ఫైల్‌ని సగంలో ఆపి, ప్లేయర్ ఆర్పి మళ్లీ వెలిగించండి. ఆగిన చోటు నుంచే మొదలవ్వాలి. మూడు గంటల కచేరీ వినేవాళ్లకి ఇది డాక్ చిప్ పేరు కన్నా ముఖ్యం.

ఇప్పుడు అసలు పని, అంటే ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టాల్సినది. సీడీలని విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీతో, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీతో ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గకుండా సైజు తగ్గించే ఫైల్ రకం) తీయండి. రెండూ అక్యురేట్‌రిప్ అనే డేటాబేస్‌తో మీ కాపీని పోల్చి తప్పుల్లేవని చెబుతాయి. గీతలు లేని సీడీకి పది నిమిషాలనుకుంటే మూడొందలకి యాభై గంటలు. గీతలున్న సీడీని ఈ ప్రోగ్రాం పదేపదే చదువుతూ గంటలు గంటలు కూర్చుంటుంది. దాన్ని ఆపి, మెత్తటి బట్టతో మధ్యనుంచి అంచుకి నేరుగా తుడిచి, వేరే డ్రైవ్‌లో పెట్టి చూడండి. గుండ్రంగా తుడిస్తే గీత డేటా వెంబడే పడి ఇంకా చెడుతుంది.

సైజు లెక్క: సీడీ ధ్వని నిమిషానికి పది మెగాబైట్లు, ఫ్లాక్‌లో అయిదారు, 320 కేబీపీఎస్ ఎంపీ3లో 2.4. గంట సీడీ ఫ్లాక్‌లో 360 మెగాబైట్లనుకుంటే మూడొందలకి 108 గిగాబైట్లు. 128 జీబీ కార్డు విండోస్ కంప్యూటర్‌లో 119గా కనిపిస్తుంది, క్యాసెట్లకి చోటు చాలదు. 256 తీసుకోండి, రెండు. కొన్ని చిన్న ప్లేయర్లు 256 దాటితే ఒప్పుకోవు కూడా.

కార్డు కొన్నరోజే పరీక్షించాలి. నకిలీ కార్డు 256 అని చూపిస్తుంది, లోపల 32 ఉంటుంది. అది నిండాక పాటలు చెప్పాపెట్టకుండా పాడవుతాయి, మీకది మ్యూనిక్‌లో తెలుస్తుంది. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లినక్స్‌లలో ఎఫ్3 కార్డు మొత్తం నింపి తిరిగి చదివి నిజం చెబుతాయి. సెకనుకి 60 మెగాబైట్ల చొప్పున రాస్తే గంటా పది నిమిషాలు, ఆపైన చదవడానికి మరికొంత. రాత్రి పెట్టి పడుకోండి. ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంచండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ చేస్తే చాలా ప్లేయర్లు కార్డే లేదంటాయి. మ్యాక్ నుంచి కాపీ చేస్తే ప్రతి పాటకీ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే దొంగ ఫైల్ ఒకటి తోడొస్తుంది. ప్లేయర్ దాన్నీ పాటే అనుకుని తెరవబోయి తడబడుతుంది. టెర్మినల్‌లో dot_clean ఆదేశంతో వాటిని ఊడ్చేయండి.

ట్యాగులకి ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాం వాడండి. సినిమా పాటల్లో 'ఆల్బమ్' అంటే సినిమా, 'ఆర్టిస్ట్' అంటే గాయకులు, 'కంపోజర్' అంటే సంగీత దర్శకుడు. ఇక్కడ 'ఆల్బమ్ ఆర్టిస్ట్' ఖాళీగా వదిలితే, యుగళగీతాలున్న సినిమా ఒకటే అయిదారు ఆల్బమ్‌లుగా చీలిపోతుంది. అన్నిటికీ 'వివిధ' అని పెట్టేయండి. కచేరీలకి ఒక ఉపాయం చెబుతాను: 'జానర్' గడిలో రాగం పేరు రాయండి. రాగానికని విడిగా గడి చేసుకోవచ్చు గానీ ప్లేయర్లు దాన్ని చూపించవు, జానర్ జాబితా మాత్రం దాదాపు ప్రతి ప్లేయర్‌లోనూ ఉంటుంది. ఆ గడిలో 'కాంభోజి' నొక్కితే మీ దగ్గరున్న కాంభోజులన్నీ వరసగా వస్తాయి. ఇంగ్లీషు లిపిలో రాసేవాళ్లు స్పెల్లింగ్ ఒకటే పెట్టుకోవాలి, లేదంటే ఒక రాగం మూడు రాగాలవుతుంది. కవర్ బొమ్మ 500 పిక్సెళ్ల మామూలు జేపెగ్ చాలు. 'ప్రోగ్రెసివ్' పద్ధతిలో సేవ్ చేసిన బొమ్మలు చాలా చిన్న ప్లేయర్లలో కనబడవు.

క్యాసెట్లు సీడీల కన్నా ఓపిక పరీక్షిస్తాయి, ఎందుకంటే గంట టేపుకి గంట పట్టాల్సిందే. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు కొనకండి, వాటి మోటారు వేగం ఊగుతుంది. పాత మంచి డెక్ ఒకటి అరువు తెచ్చుకుని, దాని లైన్ అవుట్‌ని ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటర్‌లోకి చేరవేసే చిన్న పెట్టె) లైన్ ఇన్‌కి కలిపి, ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాంలో 24-బిట్ మీద రికార్డు చేయండి. మొదలుపెట్టే ముందు హెడ్‌నీ రబ్బరు రోలర్‌నీ శుభ్రం చేయాలి. హెడ్‌కి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్ చాలు. నాలుగైదు టేపులకోసారి మళ్లీ తుడవండి, చెన్నై తేమలో ఉన్న టేపులు గోధుమరంగు పొడి రాలుస్తాయి. ధ్వని అతి బిగ్గరగా ఉండే శిఖరాలు మైనస్ 6 డెసిబెళ్ల దగ్గర ఉండేలా పెట్టి, అంతా అయ్యాక మైనస్ 1కి పెంచండి. పైన చెప్పిన యూరప్ వాల్యూమ్ కట్టడిలో పాత రికార్డింగుల మెల్లటి ధ్వని నలిగిపోకుండా ఇది కొంత కాపాడుతుంది. ధ్వని మూత పడ్డట్టు బొంగురుగా ఉంటే అది టేపు తప్పు కాకపోవచ్చు. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని పాట నడుస్తుండగా పావు తిప్పు లోపల అటూ ఇటూ కదిపి, తంబురా మీటు స్పష్టంగా వినిపించే చోట ఆపండి.

వేగం సరిగా ఉందో లేదో శ్రుతితో తెలుస్తుంది. ఆ గాయకుడి సీడీ మీ దగ్గరే ఉంటే దాని షడ్జమం ఫోన్ ట్యూనర్‌లో చూసి, క్యాసెట్‌తో పోల్చండి. ఆరు శాతం వేగం తేడా అంటే అర స్వరం. మూడు శాతానికే మనిషి గొంతు మారినట్టు అనిపిస్తుంది. ఆడాసిటీలో 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్'తో సరిదిద్దొచ్చు. టెంపో మార్చేది కాదు, పిచ్ మార్చేది కాదు, రెండూ కలిసి మారేదే వాడాలి. టేపు మోనో అయితే మోనోగానే దాచండి, సగం చోటు మిగులుతుంది.

ఛార్జింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. జర్మనీలో కూడా 230 వోల్టులే. మన సన్నటి రెండు పిన్నుల ఛార్జర్ అక్కడి సాకెట్‌లో పడుతుంది, మూడు పిన్నులది పడదు. ఒక్కటి మాత్రం జాగ్రత్త: కొన్ని చవక ప్లేయర్లకి టైప్-సి పోర్టు ఉన్నా, లోపల పెట్టాల్సిన 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టరు. అలాంటిదాన్ని సి-టు-సి కేబుల్‌తో కొత్త ఛార్జర్‌కి తగిలిస్తే అసలు ఛార్జ్ కాదు, ప్లేయర్ చచ్చిపోయిందనుకుంటారు. ఏ-టు-సి కేబుల్‌తో పెడితే ఎక్కుతుంది. ఆ పాత రకం కేబుల్ ఒకటి పెట్టెలో వేసుకోండి.

కార్డుల్లో ఒకటి చేతిసంచిలో, రెండోది వేరే సామానులో ఉండాలి. మూడో కాపీ హార్డ్ డిస్క్‌లో చెన్నై ఇంట్లో ఉంచండి. మెమరీ కార్డు ఒకరోజు చెప్పకుండా చచ్చిపోయే వస్తువు. అక్కడ ప్లేయర్ కొన్నాక ముందు దాని ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే కార్డు పెట్టి లైబ్రరీ స్కాన్ చేయించండి. వరస తిరగేస్తే అప్‌డేట్ అయ్యాక మళ్లీ మొత్తం స్కాన్ చేయమంటుంది, వేల ఫైళ్లకి అది చాలాసేపు పడుతుంది. బిల్లు ఫోటో తీసి దాచుకోండి, రెండేళ్ల గ్యారంటీ అడగడానికి అదే ఆధారం. కాయితం మీద ఆ అక్షరాలు వెలిసిపోవచ్చు.